నిలబడి చూసిన ఆట

ఇంగ్లండులో ఒకప్పుడు ఫుట్‌బాల్ అంటే కుర్చీలో కూర్చుని చూసేది కాదు. వేలమంది భుజం భుజం ఆనించి, మెట్ల మీద నిలబడి చూసేది. పెద్ద క్లబ్బుల మైదానాల్లో ఆ మెట్లు పోయి ముప్ఫై ఏళ్లు దాటింది. వాటి మాటెత్తితే ఆ తరం వాళ్ల కళ్లు మెరుస్తాయి. ఆ వెంటనే చెమ్మగిల్లుతాయి. ఎందుకంటే...

శనివారం మధ్యాహ్నం. రెండు గంటలైంది. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. పని బట్టలతోనే కొందరు, ఇంటికెళ్లి టోపీ మార్చుకుని కొందరు... ఊరి మగవాళ్లంతా ఒకే దిక్కుకు నడుస్తున్నారు. ఇరుకు సందులు, ఒకదానికొకటి అతుక్కున్న ఇటుక ఇళ్లు. వాటి మధ్యనుంచి హఠాత్తుగా లేచినట్టుండే స్టేడియం గోడ. గోడలో మనిషి పట్టేంత సందు. చిల్లర ఇస్తే గిర్రున తిరిగే ఇనుప గేటు. లోపల చీకటి మెట్లు. అవి ఎక్కి పైకొచ్చేసరికి కళ్లముందు ఒక్కసారిగా... పచ్చటి మైదానం!

ఇంగ్లండులో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఏ పెద్దాయన్ని కదిపినా ముందు చెప్పేది ఈ క్షణం గురించే. నాన్న చెయ్యి పట్టుకుని మొదటిసారి ఆ మెట్లెక్కి, ఆ పచ్చదనం చూసిన క్షణం. ఆ రోజు ఎవరు గెలిచారో మరిచిపోయి ఉండొచ్చు. ఆ పచ్చదనాన్ని మాత్రం మరిచిపోరు.

వాళ్లు నిలబడిన చోటు పేరు టెర్రస్. మన మేడ మీది డాబా కాదు. గోల్‌పోస్టు వెనక మెట్లు మెట్లుగా పైకి లేచే సిమెంటు గట్టు. కుర్చీల్లేవు, నంబర్లు లేవు. ఎవరు ముందొస్తే వాళ్లకు నచ్చిన చోటు. మైదానంలో అన్నిటికన్నా చవక టిక్కెట్టు కూడా అదే.

మన భాషలో చెప్పాలంటే... నేల టిక్కెట్టు!

టూరింగ్ టాకీసు రోజులు తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. కుర్చీ క్లాసు వాళ్లు సినిమా చూసి వెళ్లిపోయేవారు. సినిమాను పండగ చేసింది మాత్రం నేల క్లాసే. ఈలలు వాళ్లవే, పూలు వాళ్లవే, తెర మీద హీరో కనిపించగానే హాలు దద్దరిల్లే గోలా వాళ్లదే. ఇంగ్లండు ఫుట్‌బాల్‌కు టెర్రస్ అలాంటిది.

గాంధీజీ నడిచిన కొండ

ఈ టెర్రస్‌లలో అన్నిటికన్నా పేరున్నది లివర్‌పూల్ క్లబ్బు మైదానం యాన్‌ఫీల్డ్‌లో ఉంది. పేరు కోప్. పూర్తిపేరు స్పియాన్ కోప్. ఇది ఇంగ్లిషు పేరు కాదు. దీని వెనక ఓ యుద్ధం ఉంది. ఆ యుద్ధంలో మనవాళ్లూ ఉన్నారు!

దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో స్పియాన్ కోప్ అని ఓ కొండ. 1900 జనవరిలో దానికోసం ఆంగ్లేయులకూ, బోయర్లకూ భీకరమైన పోరు జరిగింది. ఆంగ్లేయుల వైపు వందలమంది చనిపోయారు. వాళ్లలో లివర్‌పూల్, దాని చుట్టుపక్కల లాంకషైర్ ఊళ్లనుంచి వెళ్లిన కుర్రాళ్లు చాలామంది. క్షతగాత్రుల్ని స్ట్రెచర్ల మీద మోసుకొచ్చిన వాళ్లలో ఓ ముప్ఫై ఏళ్ల భారతీయ లాయరు ఉన్నాడు. పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఆయన కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళంలో దాదాపు 1,100 మంది ఉండేవారు. ఎక్కువమంది చెరకు తోటల్లో పనికని ఒప్పందం మీద వెళ్లిన కూలీలే. గాయపడినవాళ్లను మోస్తూ రోజుకు ఇరవై, పాతిక మైళ్లు నడిచామని గాంధీజీ తన ఆత్మకథలో రాసుకున్నారు. అప్పట్లో నటాల్ తోటలకు మద్రాసు రేవు నుంచి వెళ్లిన కూలీల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ వేలల్లో ఉన్నారు. ఆ స్ట్రెచర్లు మోసిన భుజాల్లో మన పల్లెల భుజాలూ ఉండే ఉంటాయి.

ఆరేళ్లు గడిచాయి. 1906లో యాన్‌ఫీల్డ్‌లో గోల్‌పోస్టు వెనక పెద్ద గట్టు కట్టారు. నిటారుగా కొండలా ఉన్న ఆ గట్టును చూసి స్థానిక పత్రికలో క్రీడల పేజీ చూసే ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ దానికి స్పియాన్ కోప్ అని పేరు పెట్టాడు. ఊరు ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు! కొడుకునో, అన్ననో అక్కడ పోగొట్టుకున్న ఇళ్లు ఆ వీధుల్లోనే ఉన్నాయి మరి. 1928లో కోప్‌కు పైకప్పు వేశారు. అప్పట్లో దాదాపు 28 వేలమంది పట్టేవారు. ఒక్క గోల్‌పోస్టు వెనకే 28 వేలమంది!

తర్వాత దేశంలో చాలా క్లబ్బులు తమ గట్టుకూ కోప్ అనే పేరే పెట్టుకున్నాయి. అలా ఓ ఓటమి కొండ పేరు ఇంగ్లండు ఊళ్లలో స్థిరపడిపోయింది.

కమ్మీ ఎక్కడుందో చూసుకో

నిలబడి చూడటం అంటే ఊరికే నిలబడటం కాదు. దానికీ ఓ విద్య ఉంది. నాన్న కొడుక్కి నేర్పేవాడు.

మెట్ల మీద అక్కడక్కడా నడుమెత్తున ఇనుప కమ్మీలు ఉండేవి. జనం ఒత్తిడి కిందివరకూ పాకకుండా ఆపడానికి. కొత్తవాడైతే ఆనుకోవడానికి బాగుంటుందని కమ్మీని ఎదురుగా పెట్టుకుని నిలబడేవాడు. పైనుంచి తోపు వస్తే కడుపు కమ్మీకి నొక్కుకుపోయేది. తెలిసినవాడు కమ్మీ తన వీపు వెనక ఉండేలా చూసుకునేవాడు. అప్పుడు వెనకనుంచి ఎంత తోపు వచ్చినా కమ్మీ ఆపేది.

గోల్‌పోస్టు దగ్గర ఏదో జరుగుతోందంటే అందరూ ఒక్కసారిగా మునివేళ్ల మీద లేచి ముందుకు వంగేవారు. అంతే, గట్టంతా అలలా కిందికి జారేది. కాళ్లు నేలకు ఆనేవి కావు. గోల్ పడిందా... మీరు పది మెట్ల కింద, ఎవరో ముక్కూమొహం తెలియనివాడి కౌగిలిలో ఉండేవారు. అల వెనక్కి తగ్గాక వెతుక్కుంటూ మళ్లీ మీ చోటికి వెళ్లేవారు. పక్కన నాన్న ఉంటాడు. ఒక్కోసారి మఫ్లరు పోయేది. ఒక్కోసారి బూటు!

చిన్నపిల్లల సంగతి? ఆట మొదలయ్యే ముందు వాళ్లను తలల మీదుగా చేతులు మార్చుకుంటూ కిందికి, మొదటి వరస దాకా పంపించేవారు. వేలమంది మగవాళ్ల చేతుల మీదుగా ఓ ఏడేళ్ల కుర్రాడు తేలుతూ వెళ్లడం ఊహించుకోండి. ఎవరూ పడెయ్యరు. ఆట అయ్యాక నాన్న వచ్చి తీసుకెళ్తాడు. ఇంకొందరు ఇంటినుంచి చెక్క పెట్టెనో, చిన్న పీటనో తెచ్చుకుని దానిమీద నిలబడేవారు. మన టూరింగ్ టాకీసుల్లో ముందువాడి తల అడ్డొస్తోందని ఇసుక గుట్టగా పోసుకుని కూర్చున్న పిల్లలు గుర్తొస్తున్నారు కదూ!

చలికాలం చేతుల్లో ఆవిర్లు కక్కే బోవ్రిల్ కప్పు. అది గొడ్డుమాంసం చారు లాంటిది. ఇంకో చేతిలో మీట్ పై. తిప్పితే కటకటమనే చెక్క గిలక్కాయ. వానలో తడిసిన ఉన్ని కోట్ల వాసన, సిగరెట్ పొగ, మధ్యాహ్నం తాగొచ్చిన బీరు వాసన. వినడానికి ఏమంత బాగోలేదు. కానీ ఆ వాసన తగిలితే ఇప్పటికీ మనసు యాభై ఏళ్లు వెనక్కి పోతుందనేవాళ్లు ఎందరో!

పాటలు అక్కడే పుట్టాయి

1960ల్లో లివర్‌పూల్ అంటే బీటిల్స్ ఊరు. ఆట మొదలయ్యేదాకా మైకులో ఆ వారం హిట్ పాటలు వేసేవారు. కోప్ వాటితో గొంతు కలిపేది. 1963లో అదే ఊరికి చెందిన గెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ బృందం ఓ పాత సంగీత నాటకంలోని పాటను మళ్లీ పాడింది. 'యూ విల్ నెవర్ వాక్ ఎలోన్'. అది దేశంలోనే నంబర్ వన్ అయింది. కొన్ని వారాలకు హిట్ల జాబితాలోంచి జారిపోయింది. కోప్ గొంతులోంచి మాత్రం పోలేదు. అరవై ఏళ్లు దాటినా నేటికీ ప్రతి మ్యాచ్‌కు ముందు అక్కడ ఆ పాట వినిపిస్తుంది.

1964లో బీబీసీ వాళ్లు పనోరమా కార్యక్రమం కోసం కోప్‌ను కెమెరాకెక్కించారు. ఆ నలుపు తెలుపు దృశ్యాలు ఇప్పటికీ దొరుకుతాయి. వేలమంది ఒకే శరీరంలా అటూ ఇటూ ఊగుతూ బీటిల్స్ పాట పాడుతుంటారు. చూస్తుంటే వాళ్లు ఆట చూడటానికొచ్చారా, పాడటానికొచ్చారా అనిపిస్తుంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, ఎవరు ఆపమన్నారో తెలీదు. ఓ మూల ఒకడు అందుకుంటే క్షణంలో గట్టంతా అందుకునేది.

కుర్చీల్లో కూర్చున్నవాళ్లతో ఇది జరగదంటారు పాతకాపులు. పాట పుట్టాలంటే పక్కవాడి భుజం తగలాలట!

అంతా బంగారమేం కాదు

పాత జ్ఞాపకాలకు ఓ గుణం ఉంది. ఎండలన్నీ గుర్తుంటాయి, బురద గుర్తుండదు. టెర్రస్‌ మీద బురద చాలానే ఉండేది.

మరుగుదొడ్ల పరిస్థితి ఘోరం. అంత జనంలోంచి అక్కడిదాకా వెళ్లడమే కష్టం. దాంతో చాలామంది నిలబడిన చోటే కానిచ్చేసేవారు. ఆడవాళ్లు వచ్చేవారు కానీ తక్కువ. 1970లు, 80ల్లో అల్లరిమూకల కొట్లాటలు పెరిగాయి. నల్లజాతి ఆటగాళ్ల మీద అరుపులు, వెక్కిరింపులు సర్వసాధారణమయ్యాయి. 1988లో లివర్‌పూల్ ఆటగాడు జాన్ బార్న్స్ మీదికి అరటిపండు విసిరితే, ఆయన దాన్ని మడమతో అవతలికి తన్నేశాడు. ఆ ఫొటో నేటికీ టెర్రస్ జ్ఞాపకాలకు ఎదురుగా నిలబడి ప్రశ్నిస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో నల్లజాతి పిల్లవాడు నాన్న చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కితే పచ్చదనం కన్నా ముందు ఏం వినిపించేదో!

ప్రమాదాలూ కొత్తేం కాదు. 1902లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో కొయ్య మెట్లు విరిగి 25 మంది చనిపోయారు. వాటిని రూపొందించిన ఇంజినీరు ఆర్చిబాల్డ్ లీచ్. ఆయన ఆ తర్వాత మట్టి గట్ల మీద మెట్లు, మధ్యలో ఇనుప కమ్మీలు పెట్టే పద్ధతికి మారాడు. బ్రిటన్‌లోని ఎన్నో పెద్ద మైదానాలు ఆయన గీసినవే. 1946లో బోల్టన్‌లో తొక్కిసలాటలో 33 మంది, 1971లో మళ్లీ ఐబ్రాక్స్‌లోనే మెట్ల దారిలో 66 మంది పోయారు. ప్రతిసారీ విచారణలు జరిగాయి. నివేదికలు వచ్చాయి. మెట్లు మాత్రం అలాగే పాతబడుతూ వచ్చాయి.

అల్లరిమూకలు మైదానంలోకి దూకకుండా గట్ల ముందు ఎత్తయిన ఇనుప కంచెలు లేచాయి. ఒకే గట్టును కంచెలతో గదులు గదులుగా విడగొట్టారు. టిక్కెట్టు కొని వచ్చిన మనిషిని బోనులో నిలబెట్టడం మామూలైపోయింది.

మూడు గంటల ఆరు నిమిషాలు

1989 ఏప్రిల్ 15. షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానం. ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఆడుతున్నాయి. లివర్‌పూల్ అభిమానులకు లెపింగ్స్ లేన్ వైపు టెర్రస్ ఇచ్చారు. బయట గేట్ల దగ్గర జనం పేరుకుపోయారు. ఒత్తిడి తగ్గించడానికి పోలీసులు పెద్ద గేటు తెరిచారు. అలా లోపలికొచ్చిన వాళ్లకు ఎదురుగా ఓ సొరంగం లాంటి దారి. అది తిన్నగా వెళ్లేది అప్పటికే కిక్కిరిసిన మధ్య గదుల్లోకి. పక్క గదుల్లో చోటుంది. అటు వెళ్లమని చెప్పినవాళ్లు లేరు. సొరంగం మూసినవాళ్లూ లేరు. ముందున్నది ఇనుప కంచె.

మూడింటికి ఆట మొదలైంది. 3.06కు రిఫరీ ఆపేశాడు. అప్పటికే కంచె దగ్గర ఊపిరాడక జనం ప్రాణాలు పోతున్నాయి.

ఆ దుర్ఘటనలో మొత్తం 97 మంది మరణించారు. అందరికన్నా చిన్నవాడి వయసు పదేళ్లు. 97వ వ్యక్తి ఆనాటి గాయాలతో ముప్ఫై రెండేళ్లు బతికి 2021లో కన్నుమూశారు.

తర్వాత జరిగింది ఇంకా దారుణం. తప్పు తాగొచ్చిన అభిమానులదేనన్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న అమ్మానాన్నలు ఆ నింద మోస్తూ, దాన్ని చెరిపెయ్యడానికి ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2012లో స్వతంత్ర కమిటీ పత్రాలన్నీ బయటపెట్టింది. ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. 2016లో జ్యూరీ తేల్చింది... చనిపోయినవాళ్లు చట్టవిరుద్ధంగా చంపబడ్డారు, ఇందులో అభిమానుల తప్పు లేదు అని. అప్పటికి ఇరవై ఏడేళ్లు గడిచిపోయాయి. ఆ మాట వినకుండానే వెళ్లిపోయిన తల్లిదండ్రులు ఎందరో.

ఆ దుర్ఘటన మర్నాడు యాన్‌ఫీల్డ్ గేట్లు తెరిచారు. జనం పూలు తెచ్చారు. ఖాళీ కోప్ మెట్ల మీద, కమ్మీలకు మఫ్లర్లు కట్టారు. తమ వాళ్లు ప్రతి శనివారం ఎక్కడ నిలబడేవారో సరిగ్గా ఆ మెట్టు వెతుక్కుని పూలు పెట్టారు. కుర్చీకైతే నంబరుంటుంది. మెట్టుకు నంబరు లేదు. అయినా ఎవరి చోటు ఏదో ఇంట్లోవాళ్లకు తెలుసు. వారం తర్వాత యాన్‌ఫీల్డ్ నుంచి పార్కు అవతల ఉన్న బద్ధ శత్రువు ఎవర్టన్ మైదానం దాకా మఫ్లర్లు ముడివేశారు. ఎరుపు, నీలం కలిపి!

కుర్చీలొచ్చాయి, ధరలూ వచ్చాయి

దుర్ఘటన మీద న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక ఇచ్చారు. పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలుండాలన్నారు. నిలబడటం దానంతటదే ప్రమాదం కాదని కూడా అదే నివేదికలో రాశారు. ఆ మాట ఎవరికీ గుర్తులేదు. 1994 ఆగస్టు గడువు. పై రెండు డివిజన్ల క్లబ్బులు గట్లు పడగొట్టడం మొదలుపెట్టాయి.

లండన్‌లో ఆర్సెనల్ క్లబ్బు 1992లో నార్త్ బ్యాంక్ కూల్చింది. కొత్త కట్టడం కనబడకుండా పెద్ద తెర కట్టి దానిమీద వేలమంది అభిమానుల బొమ్మలు వేయించింది. అన్నీ తెల్ల మొహాలే! జనం వేలెత్తి చూపాక నల్ల మొహాలు కూడా చేర్చారు. అరవలేని బొమ్మల ముందు ఆడిన మొదటి మ్యాచ్ ఆర్సెనల్ ఓడిపోయింది.

కోప్ చివరిరోజు 1994 ఏప్రిల్ 30. నార్విచ్‌తో మ్యాచ్. లివర్‌పూల్ 0-1తో ఓడింది. ఆ రోజు స్కోరు ఎవరిక్కావాలి! కోప్ చివరిసారి పాడింది. మఫ్లర్లు ఊపింది. ఆట అయిపోయినా చాలామంది కదల్లేదు. అదే చోట ఇప్పుడున్న స్టాండ్‌లో 12 వేల పైచిలుకు కుర్చీలున్నాయి.

కుర్చీలతో మంచి జరిగింది. కుటుంబాలొచ్చాయి. ఆడపిల్లలొచ్చారు. మరుగుదొడ్లు బాగుపడ్డాయి. కంచెలు పోయాయి. అన్నిటికన్నా ముఖ్యం... ఆటకెళ్లినవాడు ఇంటికి తిరిగొస్తున్నాడు. దీన్ని కాదనేవాళ్లు లేరు.

అయితే ఇంకొకటీ జరిగింది. కుర్చీలేస్తే ధరలు పెరుగుతాయన్న భయాన్ని టేలర్ కొట్టిపారేశారు. ఐబ్రాక్స్‌లో కుర్చీ ఆరు పౌండ్లు, నిలబడితే నాలుగు పౌండ్లు, తేడా అంతే కదా అని ఉదాహరణ చూపించారు. పావు శతాబ్దం తిరిగేసరికి ఏమైందో తెలుసా? 2016లో లివర్‌పూల్ యాజమాన్యం ఓ టిక్కెట్టు 77 పౌండ్లంది. ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో ఆట సరిగ్గా 77వ నిమిషానికి రాగానే వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న లివర్‌పూల్ చివరికి 2-2తో సరిపెట్టుకుంది. కొద్దిరోజులకే యాజమాన్యం వెనక్కి తగ్గి క్షమాపణ చెప్పింది.

నిలబడటం పోయిందని బాధపడే పెద్దవాళ్ల మాటల్లో అసలు బాధ ఇదే. జేబులో చిల్లరతో, ఎవరి దయా లేకుండా, స్నేహితులతో కలిసి ఆటకు పోగలిగిన పద్నాలుగేళ్ల కుర్రాడు... వాడెక్కడ?

మళ్లీ నిలబడ్డారు

అభిమానుల సంఘాలు ఏళ్లతరబడి ఒకటే అడిగాయి. జర్మనీలో నిలబడుతున్నారుగా! డార్ట్‌మండ్‌లో ఒక్క దక్షిణం వైపు గట్టు మీదే 24 వేలకు పైగా నిలబడి చూస్తారు. మాకెందుకు వద్దు? వద్దన్నవాళ్లలో హిల్స్‌బరోలో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లతో వాదించే ధైర్యం ఎవరికుంటుంది? అదే కుటుంబాల్లో కొందరు మాత్రం, తమ పిల్లల్ని చంపింది నిలబడటం కాదు, నిర్లక్ష్యం అన్నారు.

చివరికి 2022 జనవరి 2న చెల్సీ, లివర్‌పూల్ మ్యాచ్‌తో ఇంగ్లండు పెద్ద మైదానాల్లో నిలబడి చూడటం చట్టబద్ధంగా తిరిగొచ్చింది. పాత పద్ధతిలో కాదు. ప్రతి వరసకూ నడుమెత్తు కమ్మీ ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో చోటు, దానికో మడత కుర్చీ. ఎంత తోపులాట వచ్చినా ఒక వరస మరో వరస మీద పడదు. లివర్‌పూల్ కూడా 2021లోనే కోప్‌లో ఇలాంటి కమ్మీలు పెట్టించింది. చిన్న క్లబ్బుల్లో పాత టెర్రస్‌లు ఇంకా ఉన్నాయి. ఎక్సెటర్ సిటీలోని బిగ్ బ్యాంక్ మీద ఇప్పటికీ దాదాపు 4 వేలమంది నిలబడి చూడొచ్చు.

అలలు లేవు. పది మెట్లు జారి ఎవరి కౌగిలిలోనో పడటం లేదు. పిల్లలు తలల మీదుగా తేలడం లేదు. అది రాకపోవడమే మంచిది కూడా. కానీ భుజం తగులుతోంది. పాట అందుకుంటున్నారు.

మన నేల టిక్కెట్టు కూడా అలాగే వెళ్లిపోయింది. ఏసీ మల్టీప్లెక్సులో కాళ్లు చాపుకుని చూసేటప్పుడు మనలో ఎవరూ ఆ నల్లుల్నీ, ఆ ఉక్కపోతనీ కోరుకోం. అయినా ఎప్పుడో ఓసారి గుర్తొస్తుంది... పక్కన ఎవరున్నారో తెలియకుండానే అందరం కలిసి నవ్వి, కలిసి ఏడ్చి, కలిసి ఈల వేసిన ఆ చీకటి. దాని ఖరీదు పావలానో, అర్ధరూపాయో.

కోప్ మెట్ల మీద పూలు పెట్టిన ఆ తల్లులకు తమ బిడ్డలు ప్రాణంలా ప్రేమించిన ఆట మీద కోపం లేదు. వాళ్లు అడిగింది ఒక్కటే. మా వాడు చవక టిక్కెట్టు కొన్నాడు. అంతమాత్రాన వాడి ప్రాణం చవకా?

పాత టెర్రస్‌లను తలచుకునేవాళ్లు ఆ పచ్చదనంతోపాటు ఈ ప్రశ్ననూ గుర్తుపెట్టుకుంటే చాలు.